లంకలో పుట్టినవాళ్లు

మా అమ్మ పుట్టింది లంకలో. మా నాన్నమ్మకి కోపం వచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తొచ్చేది. "లంకలో పుట్టినవాళ్లంతా రాక్షసులేనని ఊరికే అన్నారా" అని వంటింటి గుమ్మంలో నిలబడి గోడకి చెప్పేది. అమ్మ ఏమీ తక్కువ తినలేదు. "ఆ రాక్షసులు పండించిన కూరగాయలేగా అత్తయ్యా మనం తింటున్నది, అరుగుతున్నాయా?" అనేది నవ్వుతూ. ఆ మాట నిజమే. అరటి గెలలు, కంద, పొట్లకాయలు, దోసకాయలు, మా ఇంటికి ఏది వచ్చినా ఏరు దాటే వచ్చేది.

నాన్నమ్మ వాళ్లది గట్టుకి ఇవతల. అమ్మ వాళ్లది గట్టుకి అవతల. గోదావరి జిల్లాల వాళ్లకి ఈ ఒక్క ముక్క చాలు, మిగతావాళ్లకి కొంచెం చెప్పాలి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠలోంచి గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. ఈ పాయల వెంబడి మట్టితో పోసిన ఎత్తైన ఏటిగట్లు ఉంటాయి. గట్టుకి ఇవతల కాలవలు, వరిచేలు, కొబ్బరితోటలు, బస్సులు. అవతల ఏరు, ఏటి మధ్యలో లంకలు. వరదొస్తే ఇవతలివాళ్లు గట్టెక్కి చూస్తారు, అవతలివాళ్లు గట్టెక్కి బతుకుతారు. అందుకే లంకకి పిల్లనివ్వడానికీ, లంక పిల్లని చేసుకోవడానికీ జనం ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు. వానాకాలంలో పురుడొస్తే ఎలా అన్నది మొదటి ప్రశ్న. మా నాన్నగారికి ఆ ప్రశ్న తట్టలేదో, అమ్మని చూశాక మర్చిపోయారో తెలీదు.

వేసవి సెలవులు ఇవ్వగానే మా ప్రయాణం. గట్టు మీద బస్సు దిగి, రేవులోకి నడిచి, పడవ నిండేదాకా కూర్చోవాలి. ఎండాకాలం కదా, ఏరు సన్నబడి ఉండేది. పడవలో ఉన్నంతసేపూ హాయి. దిగాకే అసలు పరీక్ష. ఊళ్లోకి వెళ్లేదాకా ఇసుకే. మిట్టమధ్యాహ్నం ఆ ఇసుకలో కాలు పెడితే బొబ్బలే. నేనూ మా తమ్ముడూ గడ్డిదుబ్బు కనపడిన చోటల్లా ఆగి, ఆ కాస్త నీడలో కాళ్లు చల్లార్చుకుని, మళ్లీ పరుగందుకునేవాళ్లం. అమ్మ మాత్రం తాపీగా నడిచేది. ఎవరి పుట్టింటి ఇసుక వాళ్లని కాల్చదు కాబోలు. ఎదురుగా తాతయ్య, తలకి తువ్వాలు, నోట్లో చుట్ట. "ఏమ్మా, మీ అత్తగారు కులాసానా?" అని అడిగేవాడు ముందు. ఆ అడగడంలో వెటకారం ఉందని నాకు పెద్దయ్యాకే అర్థమైంది.

సాయంత్రాలు తాతయ్యతో ఏటి ఒడ్డుకి వెళ్లేదాన్ని. ఎదురుగా పాయ మధ్యలో తెల్లగా ఇసుక తేలి ఉండేది. "అదే లంక తాతయ్యా?" అని అడిగానొకసారి.

"అది లంకెక్కడిదే అమ్మాయ్! ఉట్టి మేట. మొన్న వరదకి వేసింది, వచ్చే వరదకి ఉంటాదో పోతాదో. నాలుగేళ్లు నిలబడి రెల్లు మొలిస్తే తిప్ప అను. రెల్లులో ఒండ్రు పట్టి దోసపాదు నిలిచిందనుకో, అప్పుడు లంక అను."

పాఠాల్లో ద్వీపం అంటే నలువైపులా నీరు గల భూభాగం అని బట్టీ పట్టాం. నీళ్లుంటే చాలు ద్వీపమైపోతుంది. తాతయ్య లెక్కలో నీళ్లు చాలవు. మొలవాలి, నిలవాలి, పండాలి. నాలుగేళ్లు, దోసపాదు అన్నవి ఆయన సొంత కొలతలే గానీ, వరుస మాత్రం ఏరు పాటించేదే. వరద ఉరవడి తగ్గిన చోట ముందు బరువైన ఇసుక దిగుతుంది. దాని మీద రెల్లు, తుంగ మొలిచి వేళ్లతో ఇసుకని పట్టుకుంటాయి. తరవాతి వరద ఆ దుబ్బుల్లోంచి పోతూ నెమ్మదిస్తుంది, అప్పుడు సన్నటి ఒండ్రు కిందకి దిగుతుంది. ఏటా ఒక పొర. లంకలో బావి తవ్వుతుంటే ఆ పొరలు కనిపిస్తాయి, కాసేపు నల్లగా, కాసేపు తెల్లగా, మళ్లీ నల్లగా. ఏరు రాసుకున్న చిట్టా అది.

ఇంకో విషయం కూడా ఆయనే చెప్పాడు. లంకకి తలా తోకా ఉంటాయి. ఎగువవైపు తల, అక్కడ ప్రవాహం తగిలి కోత పడుతుంది. దిగువవైపు తోక, అక్కడ మేట వేస్తుంది. తల అరిగి తోక పెరిగి, చూస్తూ చూస్తూ ఉండగానే నేల కిందికి జరుగుతుంది. "లంక నడుస్తుందే అమ్మాయ్, మనకన్నా నిదానంగా" అనేవాడు. నేను రాత్రి మంచం మీద పడుకుని, మేమంతా మెల్లగా సముద్రంలోకి పోతున్నామేమో అని భయపడేదాన్ని.

పేర్లు వింటే ఎవరు దేని కోసం వచ్చారో కొంత ఊహించుకోవచ్చు. బొబ్బర్లంకలో బొబ్బర్లు వినిపిస్తాయి, బూరుగులంకలో బూరుగు చెట్టు. కృష్ణ మీదకి వెళ్తే పెసర్లంక, పోతార్లంక, ఇంకా దిగువన సముద్రం దగ్గర నాగాయలంక. ఆ నాగాయలంక పక్కనే ఈలచెట్లదిబ్బ. అదీ నీటి మధ్య నేలే, కానీ అక్కడ దాన్ని దిబ్బ అన్నారు. మా నాన్నమ్మగారి ఊళ్లో దిబ్బంటే పెంటదిబ్బ తప్ప మరోటి లేదు. అసలు కోనసీమలో కోన ఏమిటని కడప నుంచి వచ్చిన మా వదిన ఇప్పటికీ అడుగుతుంది. వాళ్లకి కోన అంటే కొండల మధ్య లోయ. ఇక్కడ కోనంటే ఏటికీ సముద్రానికీ మధ్య చిక్కిన మూల అని చెప్తే, "మూలని పట్టుకుని ఇంత గొప్పలా!" అంటుంది.

తాతయ్య నిర్వచనానికి కొల్లేరులో గండి పడింది. కాలేజీ స్నేహితురాలి పెళ్లికి వెళ్లాను అక్కడికి. కృష్ణా గోదావరుల డెల్టాల మధ్య పల్లంలో నీళ్లు చేరి ఏర్పడ్డ మంచినీటి సరస్సు కదా కొల్లేరు. అందులో కూడా ప్రత్తికోళ్లలంక, గుడివాకలంక అని ఊళ్లు. ఏటి ఇసుక తెచ్చిపోసిన మేటలు కావవి. చెరువులో మెరకగా మిగిలిన చోట్లు. తలా తోకా లేవు, నడవవు. వాటినీ లంకలే అన్నారంటే, చుట్టూ నీళ్లుండి మనిషి కాపురం పెట్టగలిగిన మెరక ఏదైనా లంకే అన్నమాట. ఇంటికి వచ్చాక తాతయ్యకి చెబితే ఒప్పుకోలేదు. "వాళ్లు మన దగ్గర పేరు అరువు తెచ్చుకునుంటారు" అన్నాడు. చుట్టరికం కలుపుకోవడం ఇష్టం లేని మనిషి.

మరి రావణుడి లంక సంగతేమిటి? చిన్నప్పుడు నన్ను బాగా వేధించిన ప్రశ్న ఇదే. మధ్యాహ్నాలు అమ్మమ్మ రేడియో పెట్టేది. సముద్రం మీదుగా శ్రీలంక నుంచి తెలుగు పాటలు వచ్చేవి. పెద్దవాళ్లు సిలోన్ రేడియో అనే అనేవారు, ఆ దేశం 1972లోనే శ్రీలంకగా పేరు మార్చుకున్నా సరే. "అక్కడా లంకే, ఇక్కడా లంకే, మరి వాళ్లకి శ్రీ ఎందుకు, మనకెందుకు లేదు?" అని తమ్ముడు అడిగితే అమ్మమ్మ నవ్వి నవ్వి పొలమారింది.

బ్రౌన్ దొర తెలుగు నిఘంటువులో లంక అంటే ద్వీపమనే ఉంది. తమిళులు ఆ దేశాన్ని ఇలంగై అంటారు. సంస్కృతంలో లంక ముందుగా రావణుడి పట్నం, సముద్రం అవతల త్రికూట పర్వతం మీద ఉన్న ఊరు. మన జ్యోతిష గణితంలో మరో లంక ఉంది. ఉజ్జయిని మీదుగా పోయే మధ్యరేఖ భూమధ్యరేఖని తాకే చోటుకి లంక అని పేరు పెట్టి, అక్కణ్ణించి లెక్కలు వేశారు. అక్కడ నిజంగా నేలే లేదు, సముద్రమే. ఇలా ఒక లంక కథలో, ఒకటి లెక్కలో, ఒకటి మా దోసపాదుల కింద.

రావణుడి లంక సింహళం కాదు, మధ్య భారతంలోనే ఎక్కడో ఉందని వాదించినవాళ్లున్నారు. పురావస్తు శాస్త్రవేత్త హెచ్.డి. సంకాలియా వాళ్లలో ఒకరు. లంక అనేది ఒక్క చోటి సొంత పేరు కాదు, నీటి మధ్య నేలకి జనం వాడే మామూలు మాట అన్నది అలాంటి వాదాలకి ఒక ఆసరా. మూలం ద్రావిడమా, అంతకన్నా పాతదైన ముండా భాషల వైపుదా అన్న చర్చ కూడా ఉంది. పండితుల మధ్య నేను దూరను గానీ, నా మట్టుకు నాకు మామూలు మాటే ముందు పుట్టి ఉంటుందనిపిస్తుంది. పడవ నడిపేవాడికీ, చేపలు పట్టేవాడికీ ఏటి మధ్య నేలకి ఒక పేరు కావాలి. బంగారు గోడలు, పుష్పక విమానం తరవాత వచ్చి ఉంటాయి. వ్యాకరణం ప్రకారం ఇది రుజువు కాదు, లంక మనవరాలి పక్షపాతం.

అయితే ఒకసారి కథలోకి వెళ్లాక మాట ఊరుకోలేదు, తిరిగి మా ఇళ్లలోకే వచ్చింది. పెద్ద ఇంటిని లంకంత ఇల్లు అంటాం. రహస్యం బయటపడితే ఇంటిగుట్టు లంకకు చేటు అంటాం. తమాషా ఏమిటంటే, మా లంకలో లంకంత ఇల్లు ఒక్కటీ లేదు. తాటాకు ఇళ్లు, ఎత్తైన అరుగులు, పైన దృఢమైన అటక. అంతకన్నా పెద్దది కట్టుకుంటే ఏరు నవ్వుతుందని తాతయ్య అనేవాడు. కొన్నేళ్ల కింద అమ్మని శ్రీరంగం తీసుకెళ్లాం. కావేరి ఒకవైపు, కొల్లిడం ఒకవైపు, మధ్యలో ఊరూ గుడీ. గాలిగోపురం చూసి దణ్ణం పెట్టుకుంటుందనుకుంటే, వంతెన మీదే కారాపించి రెండు వైపులా చూసి, "రంగనాథుడిదీ లంకేనే!" అంది. ఇక ఆ పూటంతా ఆవిడకి ఆ ఊరు సొంత ఊరైపోయింది. పూలమ్మే ఆవిడతో తెలుగులోనే బేరమాడింది.

ఇక చుట్ట సంగతి. లంక అన్న మాటని ప్రపంచం మీదకి తీసుకెళ్లింది రాముడో రావణుడో కాదు, లంక పొగాకు. వరద తీసి ఒండ్రు ఆరాక లంకల్లో పొగాకు నాటేవారు. పెద్దగా ఎరువు అక్కర్లేదు, ఏరే వేసి పోయింది. ఆకు కోసి, తోరణాలు గుచ్చి, నీడన ఆరబెట్టి, మండెలు కట్టి మగ్గబెడితే వచ్చే ఆ ఘాటు వేరు. మా తాతయ్య ఉదయం పూట చుట్ట చుట్టుకోవడం ఒక పూజ. ఆకుని తొడ మీద పరిచి, ఈనె తీసి, నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక చుట్టి, దారం కట్టేవాడు. మెట్టపొగాకు చుట్ట ఎవరైనా ఇస్తే మర్యాదకి వాసన చూసి, "బావుంది, మా దూడలకి పనికొస్తాది" అనేవాడు.

ఈ పొగాకు తెల్లదొరలకి తెగ నచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో లంక చుట్టలకి ఎంత పేరంటే, ఇంగ్లీషులో కలిసిన భారతీయ పదాలకి 1886లో వేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో 'లుంకా' అని ప్రత్యేకంగా ఒక పదం ఎక్కింది. గోదావరి డెల్టాలోని ద్వీపాల్లో పండే పొగాకుతో చేసిన ఘాటు చుట్ట, ఆ ద్వీపాలని అక్కడివాళ్లు లంక అంటారు అని అందులో వివరం. 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవలలో కూడా ఉంది. హంతకుడు ఇండియన్ లుంకా తాగాడని బూడిద చూసి చెప్పగలిగితే వెతకాల్సిన మనుషులు తగ్గిపోతారు కదా అంటాడు హోమ్స్. నేను ఇది చదివేనాటికి తాతయ్య లేడు. ఉంటే చెప్పేదాన్ని: లండన్‌లో హత్య చేసి దొరక్కుండా పోవాలంటే మెట్టపొగాకే మేలు తాతయ్యా అని.

రాజమండ్రిలో 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు. అప్పటికే సిగరెట్టు పొగాకు రాజ్యం. ఊళ్లో చుట్టలు తాగే తరం వెళ్లిపోతుంటే లంకల్లో పొగాకు తగ్గి, అరటి, మొక్కజొన్న, కూరగాయలు పెరిగాయి. రావులపాలెం అరటి మార్కెట్టుకి మా మావయ్య గెలలు వేస్తాడు. చుట్ట తాగడు. డాక్టరు తిడతాడని కాదు, అత్తయ్య తిడుతుందని.

వరద గురించి చెప్పకుండా లంక గురించి చెప్పడం కుదరదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా అమ్మకి ఎక్కాలు రాకపోయినా ఈ అంకెలు వచ్చు. జులై, ఆగస్టుల్లో రేడియోలో భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులని చెప్పగానే వంట ఆపేసి వినేది. అక్కడ పెరిగిన నీరు మా దగ్గరికి రావడానికి ఇంకా కొంత గడువుంటుంది. ఆ గడువంతా టెన్షనే. ఫోన్లు లేవు. ఎర్రనీళ్లు రేవు మెట్లు మింగాక పడవలు కూడా ఆపేసేవారు.

1986 ఆగస్టు వరద నా కళ్లతో చూశాను. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. 2022 జులైలో అంత గగ్గోలు పుట్టించినది కూడా 25 లక్షల చిల్లరే. మా గట్టు మీద లంకల జనం పశువులతో సహా చేరారు. పరదాలు కట్టుకుని, మూడు రాళ్లు పెట్టుకుని వండుకునేవారు. మా వీధిలోవాళ్లంతా చూడ్డానికి వెళ్లారు, నాన్నమ్మ తప్ప. ఆవిడ ఇంట్లో పెద్ద గుండిగ పొయ్యి మీదకి ఎక్కించి కూర్చుంది. ఎవరూ చెప్పలేదు. పప్పూ అన్నం వండి, నాన్నగారి చేత గట్టు మీదకి మోయించింది. "రాక్షసులకి ఆకలెక్కువ, ఇంకో కుంచం పోయండి" అని కేకలేసింది. అమ్మ ఆ రోజు ఎదురు సమాధానం చెప్పలేదు, బియ్యం కడిగింది.

తాతయ్య ఆఖరి పడవలో వచ్చాడు, ఆవుని విడిచిపెట్టనని పేచీ పెట్టి. వరద తీశాక వెళ్లి చూస్తే ఇంటి గోడలు కూలి, కప్పు కిందికి దిగి ఉంది. పెరడంతా మోకాలు లోతు ఒండ్రు. అమ్మమ్మ ఏడ్చింది. ఆయన ఆ ఒండ్రు చేతిలోకి తీసుకుని పిండి, బాగుందన్నాడు. ఎగువవైపు పొలం మాత్రం లేదు. గట్టు తెగినట్టుగా నిలువునా కోసుకుపోయింది. పోయిన నేలకి శిస్తు కట్టమని చాలాకాలం కాగితాలు వస్తూనే ఉన్నాయి. సర్వే నంబరు ఉంది కదా అనేవారు ఆఫీసులో. "నంబరు మునగదండీ, నేలే మునుగుద్ది" అని ఈయన. రెవెన్యూ లెక్కల్లో లంక భూముల్ని ఏ, బీ, సీ అని రకాలుగా చూస్తారు, నిలకడైన నేల నుంచి ఎప్పుడు కొట్టుకుపోతుందో తెలియని నేల దాకా. ఏటికి ఆ అక్షరాలు చదవడం రాదు, ఏ నుంచి కూడా తీసుకుపోతుంది.

లంకలు ఇంత నమ్మలేనివైనా, డెల్టా మొత్తానికి అన్నం పెట్టింది వాటి దన్నుతోనే. కాటన్ దొర ఆనకట్టకి ధవళేశ్వరం ఎంచుకోవడానికి ఒక కారణం అక్కడి లంకలు. అంత వెడల్పు ఏటికి ఒకే గోడ కట్టలేడు. లంకలు ఏటిని నాలుగు పాయలుగా చీల్చి ఉంచాయి కాబట్టి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా 1847 నుంచి 1852 దాకా కట్టించాడు. ఇప్పుడున్న బ్యారేజీ మీద బస్సులో వెళ్తుంటే మధ్యమధ్య నీళ్లు మాయమై చెట్లూ ఇళ్లూ వస్తాయి చూడండి, అవే ఆ లంకలు.

ఇప్పుడు కొన్నిటికి పేరులోనే లంక. కడియపులంక అంటే పూలూ నర్సరీలూ తప్ప ఎవరికీ నీళ్లు గుర్తుకురావు, హైవే పక్కనే ఉంది. ఎదుర్లంక నుంచి యానానికి గౌతమి మీద వంతెన ఉంది. కనకాయలంక వాళ్లకి కాజ్‌వే ఉంది, వరదొస్తే ముందు మునిగేది అదే. మా అమ్మమ్మగారి లంకకి పడవే గతి. ఊరి కుర్రాళ్లు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తూ స్నేహితులకి 'మాది ఐలాండ్' అని చెప్పుకుంటారట. విన్నవాళ్లు మాల్దీవులు ఊహించుకుని వచ్చి, ఇసుకలో కాళ్లు కాల్చుకుని వెళ్తారు.

పోయిన సంక్రాంతికి వెళ్తే మావయ్య ఒడ్డుకి తీసుకెళ్లి పాయ అవతల చూపించాడు. తాతయ్య పోగొట్టుకున్న పొలానికి చాలా దిగువన కొత్త మేట లేచింది. రెల్లు కూడా పట్టింది. అవతల ఒడ్డువాళ్లు అది మాదంటారు, ఇవతలివాళ్లు కాదంటారు, ఇప్పటికే రెండు పంచాయితీలు అయ్యాయట. దానికి పేరింకా లేదు. మావయ్య మాత్రం పుచ్చగింజలు తెప్పించి ఇంట్లో పెట్టాడు. "గొడవ తేలాక వేస్తావా మావయ్యా?" అన్నాను. "తేలేదాకా ఆగితే ఏరు ఆగుద్దా? రేపు పొద్దున్నే పాదులు పెట్టించేస్తాను. నీళ్లు మోయడానికి మనిషి తక్కువయ్యాడు, మీ ఆయన్ని పంపు" అన్నాడు.